రివర్స్ గేరు బాకీ

జూన్ 3, మంగళవారం

ప్రియమైన మీకు,

ఈరోజు అయిన పనులు: దుప్పట్లు ఉతికి ఆరేశాను. అత్తయ్య కళ్ళల్లో మూడు పూటలా చుక్కల మందు వేశాను. వంటింటి తొట్టి కింద కారే గొట్టానికి మళ్ళీ గుడ్డ చుట్టాను. కరెంటు ఆఫీసులో వరుసలో నిలబడి బిల్లు కట్టాను. మీ గోధుమరంగు కోటుకి ఊడిన గుండీ కుట్టాను. కానిది ఒక్కటే, కారు.

మీరు చెప్పి వెళ్ళినట్టు వారానికోసారి స్టార్ట్ చేస్తూనే ఉన్నాను. ఇవాళ కూడా ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. కానీ క్లచ్ తొక్కితే పెడల్‌లో బలం లేదు. తడి గుడ్డల మూట మీద కాలు పెట్టినట్టు మెత్తగా లోపలికి దిగిపోయింది. రివర్స్ గేరు వేయబోతే కర్రుమని ఎంత కేక పెట్టిందంటే, లోపల్నుంచి అత్తయ్య "ఏమిటే అది, పిల్లినేమైనా తొక్కావా?" అన్నారు.

హాస్పిటల్ నుంచి కాగితం వచ్చింది. ఇరవై ఎనిమిదో తారీకున మిమ్మల్ని పంపించేస్తారట. నడుముకి కుదుపు తగలకూడదు గనక బస్సు వద్దని కింద గీత గీసి మరీ రాశారు. పగలంతా పట్టే ప్రయాణం. చూపు లేని మనిషిని ఒక్కదాన్ని వదిలి నేను రాలేను, ఆవిణ్ణి బస్సులో ఎక్కించి తేలేను. కాబట్టి నా లెక్క ఇది: అత్తయ్యని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నేను కారు నడుపుకుంటూ వస్తాను. తిరుగు ప్రయాణం మీరు నడుపుతారు. మీరు పక్కన కూర్చుంటే నాకు చేతులు వణుకుతాయి, పైగా మీ నోరు ఊరుకోదు.

అయితే బండి షెడ్డులో ముక్కు గోడకి పెట్టుకుని నిలబడి ఉంది. బయటికి రావాలంటే వెనక్కే రావాలి. పెళ్ళయిన కొత్తలో ముందుకు నడపడం నేర్పి, "రివర్స్ తర్వాత నేర్పుతాలే" అన్నారు. ఆ తర్వాతకి ఇప్పుడు పెళ్ళీడొచ్చింది. ఇన్నేళ్ళూ మీరే వెనక్కి తీసి, వీధిలో నిలబెట్టి, తాళాలు నా చేతిలో పెడుతూ వచ్చారు. ఈ ఇంట్లో నాకు ఎవరైనా బాకీ పడి తీర్చనిది ఏదైనా ఉందీ అంటే ఆ రివర్సు ఒక్కటే.

మూల మీద మెకానిక్‌ని పిలిచాను. అదే, ఏది అడిగినా రేపంటాడని వీధి వీధంతా 'రేపు' అని పిలుస్తుందే, అతను. బానెట్ కూడా ఎత్తకుండా "పాత బండమ్మా, సామాను రాదు. నాకిచ్చేయండి, తూకానికి తీసుకుంటా" అన్నాడు. కుదరదన్నాను. "సరే, రేపు చూస్తా" అని వెళ్ళిపోయాడు.

నడుం ఎలా ఉంది? కాళ్ళకి కసరత్తు చేయిస్తున్నారా? నడక గురించి పోయిన ఉత్తరంలో రాయడం మరిచిపోయారు.

మీ గుమాస్తా


జూన్ 7

ప్రియమైన గుమాస్తాగారికి,

పద్దులు అందాయి. కోటు గుండీకి కృతజ్ఞతలు.

ముందు కంగారు పడకు. ఆ క్లచ్‌లో పెద్ద మాయేమీ లేదు. రెండు పిచికారీలు, వాటి మధ్య ఒక సన్నని గొట్టం, గొట్టం నిండా బ్రేక్ ఆయిల్. ఒక పిచికారీ పెడల్ దగ్గర, ఇంకోటి కింద గేరుపెట్టె పక్కన. నువ్వు పైన నొక్కితే ఆయిల్ ఆ నొక్కుడుని మోసుకెళ్ళి కింద అప్పజెబుతుంది. ఆయిల్‌ని ఎంత నొక్కినా చిన్నది కాదు. గాలి అలా కాదు, నొక్కితే ముడుచుకుంటుంది. మధ్యలో గాలి చేరిందనుకో, నీ బలమంతా దాన్ని ముడవడానికే సరిపోతుంది, కిందికి కబురే అందదు. అందుకే మెత్తదనం.

గాలి దూరిందంటే ఎక్కడో ఆయిల్ కారుతున్నట్టు. షెడ్డులో నేను తవ్వించిన గుంటలోకి దిగు. గేరుపెట్టె పక్కన ఆ రెండో పిచికారీకి, అదే చిన్న సిలిండర్‌కి, రబ్బరు టోపీ ఉంటుంది. దాన్ని పిండి చూడు. తడి తగిలితే దొంగ దొరికినట్టే. తడి లేకపోతే పెడల్ కింద కార్పెట్టు తడిమి చూడు. లిఫ్టులు బాగుచేసేవాడిగా నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: పై నుంచి కిందికి ఒక్కో మెట్టూ చూసుకుంటూ పో, అనుమానంతో దేన్నీ మార్చకు. రేపు చేతికి మాత్రం స్పానర్ ఇచ్చి పక్కకి వెళ్ళకు.

ఇంకో మాట. చెప్పులు తీసి ఉత్త కాలితో తొక్కి చూడు. బరువు ఎక్కడ మొదలవుతోంది? మడమకి తెలుస్తోందా, మునివేళ్ళకా? వదిలేటప్పుడు ఎక్కడ పట్టు దొరుకుతోంది? ఎంత వివరంగా రాస్తే అంత మంచిది.

నేను బాగానే ఉన్నాను. తిండి చప్పగా ఉంటుంది. పక్క మంచం మాస్టారు గురక పెట్టి, పొద్దున్నే నేనే పెట్టానంటాడు. ఫోన్ కింది అంతస్తులో ఉంది, ఇక్కడ లిఫ్టు చెడిపోయింది. నా వృత్తికి ఇంతకన్నా అవమానం లేదు. అందుకే ఉత్తరాలతో సరిపెడుతున్నాను.

అమ్మకి చెప్పు, మందు వేసేటప్పుడు తల కదపొద్దని.

నీ లిఫ్టు మనిషి


జూన్ 12, గురువారం

ప్రియమైన మీకు,

ఈరోజు అయిన పనులు: పక్క గది బూజు దులిపాను. పాత చొక్కాలు రెండు చింపి తుడుపు గుడ్డలు చేశాను. అత్తయ్యకి తలంటాను. కారు క్లచ్‌లో గాలి తీశాను. ఈ చివరిది ఇప్పుడు రోజువారీ పనుల్లో చేరిపోయింది, పాలు కాచడం తర్వాత, గిన్నెలు తోమడం ముందు.

మొదట్నుంచీ చెబుతాను. మీరు చెప్పినట్టే గుంటలోకి దిగి రబ్బరు టోపీ పిండితే వేళ్ళకి జిడ్డు అంటుకుంది. దొంగ దొరికాడని సంతోషించాను. రేపుని షెడ్డులోకి లాక్కొచ్చి పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. "మీరు కూర్చుంటే నాకు చెయ్యాడదమ్మా" అన్నాడు. "నేను లేస్తే నీకు కాలాడుతుంది నాయనా" అన్నాను. ఆ సిలిండర్ విప్పి లోపలి రబ్బరు వాషర్లు కొత్తవి వేశాడు. ఆ పని మాత్రం శుభ్రంగానే చేశాడు. ఆయిల్ పోసి, "గాలి రేపు తీస్తా" అని వెళ్ళినవాడు ఇంతవరకు లేడు.

మీరు ఇదివరకు చేస్తుంటే చూసిన గుర్తుతో ఇక నేనూ అత్తయ్యే దిగాం. ఆవిణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఎడమకాలు పట్టుకుని పెడల్ మీద పెట్టాను. నేను గుంటలో. సిలిండర్ మీద గాలి వదిలే చిన్న మర ఉంటుందే, ఆ నిపుల్‌కి సన్నని గొట్టం తొడిగి రెండో కొస సీసాలో ముంచాను.

"అత్తయ్యా, తొక్కండి."

"తొక్కాను."

"వదలకండి, అలాగే పట్టుకోండి."

"పట్టుకునే ఉన్నానే. నీ మొగుడికి నడక నేర్పేటప్పుడు కూడా ఇంతసేపు పట్టుకోలేదు."

నిపుల్ వదులు చేయగానే బుడబుడమని గాలి వచ్చింది. బిగించాక వదలమన్నాను. ఇలా చాలాసార్లు. మధ్యలో ఎదురింటావిడ తొంగిచూసి "అయ్యయ్యో, పెద్దావిడకి డ్రైవింగ్ నేర్పుతున్నారా, చూపు లేదు కదండీ!" అంది. అత్తయ్య స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, "చూపున్నవాళ్ళు నడిపే కదమ్మా రోడ్లు ఇలా తగలడ్డాయి. నువ్వు అడ్డం లే, నాకు కనపడదు" అన్నారు. ఆవిడ నిజంగానే అడ్డం లేచింది.

ఆ సాయంత్రం పెడల్ కాస్త గట్టిబడింది. పొద్దున చూస్తే మళ్ళీ మామూలే. మళ్ళీ గాలి తీశాం, మళ్ళీ గట్టిబడింది, మళ్ళీ తెల్లారింది. ఎక్కడా తడి లేదు. గాలి ఎక్కడినుంచి వస్తోందో నాకు అర్థం కావడం లేదు. ఆయిల్ మాత్రం మొదట కొన్న చిన్న డబ్బాతోనే నెట్టుకొస్తున్నాను, ఇంకా సగం పైనే ఉంది. ఆ విషయంలో మీరు దిగులుపడక్కర్లేదు.

ఉత్త కాలితో తొక్కి చూశాను. మొదట రెండు వేళ్ళ మందం వరకు ఏమీ లేదు, మెట్టు ఉందనుకుని లేనిచోట అడుగేసినట్టు. తర్వాత బొటనవేలి కింద కండకి మెత్తగా ఏదో తగులుతుంది. మడమకి ఏమీ తెలియదు. వదిలేటప్పుడు మాత్రం ఒక చోట పాదంలోకి సన్నని వణుకు వస్తుంది, నిద్రపోతున్న పిల్లి మీద కాలు ఆనినట్టు. పట్టు దొరికేది అక్కడేనా? ఇన్నేళ్ళు నడిపి కూడా ఈ వణుకుని నేనెప్పుడూ గమనించలేదు.

రివర్స్ ఎలా వేయాలో ఈసారైనా రాయండి. తారీకు దగ్గరపడుతోంది.

మీ గుమాస్తా


జూన్ 15

ప్రియమైన గుమాస్తాగారికి,

అమ్మ డ్రైవరు సీట్లో కూర్చుందని చదివి మాస్టారికి వినిపించాను. మీ ఇంట్లో మగవాళ్ళే దండగలా ఉన్నారే అన్నాడు.

రోజూ తీసినా రోజూ గాలి చేరుతోందంటే ఏదో మెట్టు వదిలేశాం. రెండు పనులు చెయ్యి. ఒకటి, ఆ నిపుల్ సిలిండర్‌కి పైవైపు ఉందా, కిందవైపు ఉందా చూడు. రేపు గాడు తిరగేసి బిగించి ఉంటే గాలి పైన ఇరుక్కుని జన్మలో బయటికి రాదు. రెండు, అమ్మ తొక్కుతున్నప్పుడు రబ్బరు గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకో. పాతబడిన గొట్టం లోపలి ఒత్తిడికి ఉబ్బుతుంది. ఉబ్బితే చేతికి తెలుస్తుంది.

ఇంకోటి. ఇన్నిసార్లు గాలి తీస్తే ఇన్నిసార్లు ఆయిల్ బయటికి వచ్చి ఉండాలి. చిన్న డబ్బాలో సగం ఎలా మిగిలింది? నీ లెక్క తప్పదు కాబట్టి అడుగుతున్నాను.

ఆ వణుకు గురించి ఇంకాస్త రాయి. పాదంలో ఎంతవరకు తెలుస్తుంది? పిక్క దాకా వస్తుందా? పెడల్ చల్లగా ఉంటుందా? దాని మీది రబ్బరు గీతలు కాలికి విడివిడిగా తెలుస్తాయా?

మంచం మీద పడుకుని మీ ఇద్దరినీ ఆ గుంటలో ఊహించుకుంటాను. రెండు నిమిషాల పని నాకు. అక్కడుంటే అరచెయ్యి అంత దూరంలో ఉండేదాన్ని చూడలేక, రోజుల తరబడి కాగితాల మీద చెబుతున్నాను. నా మాట నీకు చేరేసరికి అక్కడ ఇంకో రోజు, ఇంకో తంటా. ఇంతకన్నా చేతకానితనం ఉండదు.

రివర్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పెడల్ గట్టిపడనీ.

నీ లిఫ్టు మనిషి


జూన్ 19, గురువారం

ప్రియమైన మీకు,

ఈరోజు అయిన పనులు: గాలి తీశాను. మిగతావి రాయాలని లేదు.

నిపుల్ పైవైపే ఉంది. గొట్టం గుప్పిట్లో పట్టుకుని అత్తయ్యని పదేపదే తొక్కమన్నాను. ఉబ్బలేదు. కార్పెట్టు పొడి. కింది సిలిండర్ పొడి. అన్ని మెట్లూ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి, పెడల్ మాత్రం మెత్తగానే ఉంది. తప్పు దొరికితే దాన్ని సరిచేయొచ్చు. తప్పే లేదంటే ఏం చేయాలి?

ఇవాళ గాలి తీశాక ధైర్యం చేసి రివర్స్ వేయబోయాను. మళ్ళీ అదే కేక. ఇంజను ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు ఉండిపోయాను. అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చి తలుపు తీసి, "ఏడుపు అయిపోతే చెప్పు, అన్నం పెడుదువుగాని" అన్నారు. నేను చప్పుడు చేయలేదు. ఆవిడకి ఎలా తెలిసిందో.

డబ్బా గురించి అడిగారు. అందులో వింత ఏముంది? గాలితో పాటు సీసాలోకి వచ్చే ఆయిల్‌ని నేను ఒక్క చుక్క పారబోయలేదు. మీ పాత చొక్కా గుడ్డని నాలుగు మడతలు వేసి వడకట్టి, తేటగా చేసి, మళ్ళీ పైన ఆయిల్ బుడ్డిలో పోస్తున్నాను. వేపుడు చేసిన నూనె అలాగే కదా దాచుకుంటాం? అందుకే డబ్బా అలా ఉంది. రేపు చేస్తే రోజుకో డబ్బా తగలేసేవాడు.

మీరడిగినవి: రబ్బరు గీతలు విడివిడిగా తెలుస్తాయి, నాలుగు, అడుగుది అరిగిపోయింది. పొద్దున పూట పెడల్ చల్లగా ఉంటుంది. ఆ వణుకు పాదం మధ్య గుంటలో మొదలై చీలమండ దాకా వస్తుంది, పిక్క దాకా రాదు. ఇప్పుడు నాకు ఎంత అలవాటైందంటే, కళ్ళు మూసుకుని పెడల్ వదులుతూ అది ఎక్కడ వస్తుందో ముందే చెప్పగలను. కానీ దీనితో క్లచ్‌కి ఏం పనో నాకు తెలియలేదు. మీకు తెలిసే అడిగి ఉంటారు.

మీ పోయిన ఉత్తరాన్ని అత్తయ్య రెండుసార్లు చదివించుకున్నారు. ఎందుకండీ అంటే "ఊరికే" అన్నారు.

ఇంకో తొమ్మిది రోజులు. మీరు లేకుండా ఈ బండి బాగుపడదు, ఈ బండి బాగుపడకుండా మీరు రాలేరు. ఏ కొస పట్టుకోవాలో చెప్పండి.

మీ గుమాస్తా


జూన్ 22

ప్రియమైన గుమాస్తాకి,

చొక్కా గుడ్డ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు. ఎంతసేపు నవ్వానంటే మాస్టారు భయపడి నర్సుని పిలిచాడు. ఈ గదిలోకి వచ్చాక నేను నవ్వడం ఆవిడ ఇదే మొదటిసారి వినడమట.

పిచ్చిదానా, తప్పు అదే. సీసాలోకి వచ్చిన ఆయిల్‌లో కంటికి కనపడని బుడగలు ఉంటాయి. నువ్వు దాన్ని గుడ్డలోంచి చుక్కచుక్కగా కారిస్తే ఇంకాస్త గాలి తాగుతుంది. పైగా ఆ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది, గుడ్డ నూగు కూడా చేరుతుంది. అంటే రోజూ పొద్దున్నే గాలిని బయటికి పంపించి, మర్యాదగా వడకట్టి, మళ్ళీ లోపలికి పిలుస్తున్నావన్నమాట. బయటికి వచ్చింది వేపుడు నూనె కాదు, పారబోయాల్సిందే. మూత విప్పని కొత్త డబ్బా కొను. కొత్త ఆయిల్ పోస్తూ పాతదంతా బయటికి పోయేదాకా తియ్యి. గట్టిపడుతుంది. నాకు అనుమానం లేదు.

నవ్వు అయిపోయాక చాలాసేపు పెన్ను పట్టుకోలేదు. ఎందుకంటే ఇప్పుడు బండి బాగుపడుతుంది, నువ్వు వస్తావు.

ఇక్కడ లిఫ్టు బాగానే పనిచేస్తుంది. ఫోన్ దాకా నేనే వెళ్ళలేదు. ఎడమకాలు మోకాలి కింద నుంచి నా మాట వినదు. నడుం పూస దగ్గర నరం నలిగిందట. పోయిన నెలలోనే చెప్పేశారు, ఇక రాదని. పాదం వేలాడిపోకుండా ఒక పట్టీ కడతారు, కర్ర ఇస్తారు. కర్రతో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడుస్తాను. కానీ ఆ పాదానికి ఏమీ తెలియదు. కసరత్తు చేయించే అమ్మాయి కళ్ళు మూసుకోమని, గరుకు గుడ్డతో రాస్తూ "తెలుస్తోందా?" అని అడుగుతుంది. ఒకరోజు తెలుస్తోందన్నాను. ఆమె ఇంకా గుడ్డ ఆనించనేలేదు.

అందుకే నిన్ను అడిగాను. ఆ గీతలు, చల్లదనం, వణుకు, వాటితో క్లచ్‌కి ఏమీ పని లేదు. నువ్వు రాసినవి చదువుతూ ఆ కాలి మీద చెయ్యి వేసుకుని పడుకునేవాణ్ణి. అంతే.

నీకు తప్పుడు సలహా ఒక్కటీ ఇవ్వలేదు, అది మాత్రం నమ్ము. కానీ ప్రతి ఉత్తరం చించేముందు, పెడల్ ఇంకా మెత్తగానే ఉండాలని కోరుకున్నాను. నువ్వు తాళాలు తెచ్చి నా చేతిలో పెడితే, ఆ తాళాలతో ఏం చేయాలో నాకు తెలియదు.

బండి రేపుకి ఇచ్చెయ్. క్లచ్ తొక్కలేనివాడికి అది ఎందుకు? నన్ను ఎలా తేవాలో హాస్పిటల్ వాళ్ళే చూస్తారు. లేదంటే ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. అమ్మకి ఇప్పుడే చెప్పకు.

నేను


జూన్ 25, బుధవారం

ప్రియమైన మీకు,

పనుల జాబితా చివర్లో రాస్తాను. ముందు తిట్లు.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. ఎప్పటిలాగే అత్తయ్యకి పైకి చదవడం మొదలుపెట్టాను. చొక్కా గుడ్డ దగ్గర ఇద్దరం నవ్వాం. లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోయింది. అత్తయ్య "చదువు" అన్నారు. "ఏమీ లేదండీ, అయిపోయింది" అన్నాను. "కాగితం తిప్పిన చప్పుడు వినపడింది, చదువు. నాకు తెలిసిందే" అన్నారు.

నేను కనిపెట్టలేదు. రెండు ఉత్తరాల నుంచి మీరు కాలి గురించి, పెడల్ గీతల గురించి అడుగుతుంటే బుద్ధిగా లెక్కపెట్టి రాశాను. ఆవిడకి రెండోసారి చదవగానే తెలిసిపోయిందట. "చిన్నప్పుడు వాడు పరీక్ష తప్పితే, ఇంటికొచ్చి దారిలో చూసిన కుక్క గురించి వదలకుండా చెప్పేవాడు. దాని తోక, దాని చెవులు. ఇప్పుడు పెడల్ గురించి చెబుతున్నాడు. నా కాలు బాగుందమ్మా అని ఒక్క ముక్క రాశాడా?" అన్నారు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "ఏడిస్తే ఏడువు. అయ్యాక ఆ డబ్బా కొనుక్కురా" అన్నారు.

నేను గుడ్డ సంగతి చెప్పకపోవడం దాచడం కాదు, అది చెప్పదగ్గ సంగతని తెలియకపోవడం. మీరు చేసింది దాచడం. ఇన్ని రోజులూ నేను ఆ గుంటలో తల మీద జిడ్డు కార్చుకుంటూ మీరు వచ్చి నడిపే బండిని బాగుచేశాను. మీరు మంచం మీద పడుకుని అది బాగుపడకూడదని మొక్కారు. ఇది మీ వయసుకి తగిన పని కాదు.

కొత్త డబ్బా తెచ్చాను. పాత ఆయిల్ పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది, అయినా పారబోశాను. పాతది పోయి కొత్తది తేటగా వచ్చేదాకా అత్తయ్య తొక్కుతూనే ఉన్నారు. ఇవాళ పొద్దున లేచీ లేవగానే షెడ్డులోకి వెళ్ళి తొక్కాను. పెడల్ గట్టిగా ఉంది, కొత్తదానిలా. ఎంతో సంతోషిస్తాననుకున్నాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. దీని లోపం ఒక గుడ్డముక్కలో ఉంది, దొరికింది. మీ కాలి దగ్గర నేను విప్పగలిగింది గానీ బిగించగలిగింది గానీ ఏమీ లేదు. నాకు తెలిసిన ఏ పనీ అక్కడ పనికిరాదు. ఆ మాట మీకు దాచకుండా రాస్తున్నాను, మీరూ ఇక దాచకండి.

అక్కణ్ణుంచి లేచి చెప్పులు విప్పి సీట్లో కూర్చున్నాను. అత్తయ్య కర్ర పట్టుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డారు. చప్పుడుని బట్టి దారి చెబుతానన్నారు. నాకు వేరే దిక్కు లేదు. క్లచ్ పూర్తిగా తొక్కి రివర్స్ వేశాను. కేక లేదు, ఊరికే 'టిక్'మంది. కళ్ళు మూసుకుని ఎడమకాలు కొంచెం కొంచెంగా వదిలాను. మొదటి గీత, రెండో గీత, పాదం గుంటలో ఆ వణుకు. అక్కడ ఆపాను. బండి తనంతట తనే, ఎవరో నెమ్మదిగా చెయ్యి పట్టుకుని లాగినట్టు, వెనక్కి కదిలింది. కళ్ళు తెరిచి చూస్తే ముందున్న గోడ దూరమవుతోంది.

"రా, రా, ఇంకా రా," అంటున్నారు అత్తయ్య. "కుడికి... నా కుడికే, నీ కుడికి కాదు. ఆగు!"

ఆగేలోపు గేటు స్తంభానికి కొంచెం రాసుకుంది. వెనక అరచెయ్యంత రంగు పోయింది. "ఏమైందే?" అన్నారు. "ఏమీ లేదండీ" అన్నాను. "వాడి దగ్గర బాగానే నేర్చుకున్నావు" అన్నారు.

ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. రేపు కూడా వచ్చి చూసి, "అమ్మేస్తారేమో అనుకున్నానమ్మా" అన్నాడు. "రేపు రా" అన్నాను.

బండి ఇప్పుడు వీధిలో, రోడ్డు వైపు ముఖం పెట్టుకుని ఉంది. శుక్రవారం పొద్దున్నే బయల్దేరి దారిలో ఎక్కడైనా రాత్రికి ఆగి, శనివారం మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం. ఈ ఉత్తరం ముందు వస్తుందో, మేమే ముందు వస్తామో తెలియదు. తాళాలు మీ చేతిలో పెట్టను, భయపడకండి. మీరు నా పక్క సీట్లో కూర్చోండి. ఆ కాలు ఎలా పెడితే ఇబ్బంది ఉండదో ఆ కసరత్తు అమ్మాయిని అడిగి ఉంచండి. నా చేతులు వణుకుతాయి, మీ నోరు ఊరుకోదు. రెండూ భరిద్దాం. ఆ తర్వాత రోజులు ఎలా గడుస్తాయో నాకూ తెలియదు.

ఈరోజు అయిన పనులు: గేటు స్తంభం మీది రంగు తుడిచాను. అత్తయ్య దిండు, మందు సీసా వెనక సీట్లో పెట్టాను. మీ గోధుమరంగు కోటు మడిచి సంచిలో పెట్టాను. మిగిలిన కొత్త ఆయిల్‌కి మూత గట్టిగా బిగించాను. షెడ్డు ఊడ్చాను, బండి లేకపోతే అది ఎంత పెద్దదో ఇవాళే చూశాను.

ఇంకో పద్దు మిగిలింది. మీరు క్లచ్‌కి పనికిరాని ప్రశ్నలు వేశానన్నారు. అవే లేకపోతే ఆ వణుకు ఎక్కడుంటుందో నా కాలికి తెలిసేది కాదు, బండి గోడ దగ్గరే ఉండేది. కాబట్టి మీరే నేర్పినట్టు పద్దు రాసుకుంటున్నాను.

రివర్స్ బాకీ చెల్లు.

మీ గుమాస్తా